రిసెప్షన్ సీటింగ్‌కి గూగుల్ షీట్స్ చాలు, కాకపోతే మనుషుల్ని కాదు ఇళ్లని రాయండి

ముందే చెప్పేస్తున్నా, రిసెప్షన్‌లో ఎవర్ని ఏ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలో ప్లాన్ చేయడానికి డబ్బు పెట్టి యాప్ కొనక్కర్లేదు, గూగుల్ షీట్స్ చాలు. కరోనాకి ముందు మా పిన్ని కూతురి పెళ్లికి మొదలుపెట్టాను. అప్పటినుంచి విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో మా వాళ్లింట్లో జరిగిన పెళ్లిళ్లకీ, మధ్యలో న్యూజెర్సీలో మా తమ్ముడి రిసెప్షన్‌కీ ఇదే వాడుతూ వస్తున్నాను. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరింట్లో తాంబూలాలు పుచ్చుకున్నా వారం తిరక్కుండానే "ఆ షీట్ లింకు పంపు" అని ఫోన్ వస్తుంది. ఇంతకాలం వాడాక ఏది నిజంగా పనికొచ్చింది, ఏది ఉత్త హంగామా అన్నది రాస్తున్నాను.

సీటింగ్ కోసమే చేసిన యాప్‌లు కూడా చూశాను, ఒకదానికి డబ్బు కూడా కట్టాను, పేరు ఎందుకులెండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గుండ్రటి టేబుళ్లు, చుట్టూ కుర్చీలు, పేరు పట్టుకుని లాగి కుర్చీ మీద వదిలితే మనిషి అక్కడ కూర్చున్నట్టే. కానీ అదంతా ఒక కుర్చీకి ఒక పేరు అనే లెక్క మీద కట్టింది. మన శుభలేఖలో ఏం అచ్చు వేయిస్తాం? "సకుటుంబ సపరివార సమేతంగా" అని. ఆ సపరివారం అంటే ఎంతమందో పిలిచినవాళ్లకి తెలీదు, ఆ సాయంత్రం బయల్దేరేదాకా వచ్చేవాళ్లకీ తెలీదు. రేపల్లె మామయ్య వాళ్లింటి నుంచి వచ్చే నాలుగో మనిషి పేరేంటి అని యాప్ అడిగితే ఏం టైప్ చేస్తాం? కోడలు రావచ్చు, పక్కింటి పిన్నిగారు రావచ్చు, పరీక్షలైపోతే మనవడు రావచ్చు.

అందుకని నా షీట్‌లో ఒక వరుస అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. ఇంటి పెద్ద పేరు, ఊరు, ఫోన్ నంబరు, పిలిచింది ఎవరు, తక్కువలో తక్కువ ఎంతమంది, ఎక్కువలో ఎక్కువ ఎంతమంది, ఎన్నింటికి వస్తారు, ఏ టేబుల్. ఇంతే. ఇంకా ఏవేవో కాలమ్‌లు పెట్టి చూశాను గానీ పెళ్లి పది రోజులుందనగా వాటిని నింపే ఓపిక ఎవరికీ ఉండదు.

వీటిలో "పిలిచింది ఎవరు" అన్న కాలమ్ విలువ బయటికి కనపడదు. ఎంతమంది వస్తున్నారని అడిగే హక్కు మన దగ్గర అందరికీ ఉండదు కదా. బొట్టు పెట్టి పిలిచి వచ్చినవాళ్లు అడిగితే ఒకలా ఉంటుంది, ముక్కూమొహం తెలియని నేను ఫోన్ చేసి "అండీ, మీ ఇంటి నుంచి ఎంతమంది?" అంటే "ఏం, తలలు లెక్కపెట్టి భోజనం పెడతారా?" అన్న మాట పడాలి. కాబట్టి ఆ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి, మా పెద్దత్తయ్య పిలిచిన ఇళ్లన్నీ ఒక జాబితాగా తీసి పెద్దత్తయ్యకే వాట్సాప్‌లో పంపిస్తాను, ఆవిడే కనుక్కుంటుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఉపాయం ఒకటుంది, భోజనం ఊసెత్తదు. "బస్సు మాట్లాడుతున్నాం వదినా, మీకు ఎన్ని సీట్లు ఉంచమంటావు?" అంటుంది. ఊళ్లో ఉన్నవాళ్లనైతే కారు పార్కింగ్ గురించి అడుగుతుంది. సంఖ్య దానంతటదే బయటికొస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. గూగుల్ ఫామ్ ఒకటి తయారుచేసి లింకు పంపితే జవాబులన్నీ నేరుగా షీట్‌లోకే వచ్చిపడతాయి, నిజమే, కానీ అది ఆఫీసు స్నేహితులకీ కాలేజీ బ్యాచ్‌కీ పనికొస్తుంది. పెద్దవాళ్లకి ఫామ్ పంపారో, పిలుపు సరిగ్గా లేదని పెళ్లికే రారు.

ఫోన్ నంబరు తప్పనిసరి కాలమ్ అని గట్టిగా చెప్తాను. జాబితా నలుగురు కలిసి రాస్తారు, ఒక్కొక్కళ్లు వాళ్ల వరసలో రాస్తారు. మా అమ్మ "పెద్ద వదిన వాళ్లు" అని రాస్తుంది, అదే ఇంటిని నాన్న "అక్కయ్య వాళ్లు" అంటాడు, పెళ్లికూతురు "తెనాలి అత్తయ్య" అని మూడోసారి ఎక్కిస్తుంది. ఒకే ఇల్లు మూడు వరుసలు, పదిహేను కుర్చీలు. పేర్లు చూసి ఈ డూప్లికేట్లు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, నంబరైతే ఒక్కటే ఉంటుంది. ఒకే నంబరు రెండుసార్లు కనపడితే ఆ గడి రంగు మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. అందరూ పది అంకెలే రాయాలి, ఒకరు +91 పెట్టి ఇంకొకరు పెట్టకుండా రాస్తే షీట్‌కి అవి రెండు వేర్వేరు నంబర్లే.

ఇక సంఖ్యలు రెండు ఎందుకంటే, కుర్చీలకి ఒక లెక్క, క్యాటరింగ్‌కి ఒక లెక్క. ప్లేట్లు కనీసం సంఖ్యకి కాస్త పైన చెప్తాం, ఎందుకంటే ఒప్పుకున్న ప్లేట్లకి జనం వచ్చినా రాకపోయినా కట్టాలి, పైన వచ్చే కొద్దిమందికి సర్దడం అనుభవమున్న వంటవాళ్లకి అలవాటే. టేబుళ్లు మాత్రం ఎక్కువలో ఎక్కువ సంఖ్య చూసి వేయించాలి. అలాగని వెయ్యి మందిని పిలిస్తే వెయ్యి కుర్చీలు అక్కర్లేదు, ఎన్నింటికి వస్తారన్న కాలమ్ ఉన్నది అందుకే. మన రిసెప్షన్ అంటే ఏంటి, వేదిక ఎక్కి కవర్ ఇచ్చి ఫొటో దిగి, భోంచేసి వెళ్లిపోవడమే కదా, అందులోనూ మంచి ముహూర్తాలున్న రోజైతే అదే సాయంత్రం ఇంకో రెండు చోట్లకి వెళ్లాల్సినవాళ్లు ఉంటారు. చిన్నపిల్లలున్న వాళ్లూ పల్లెటూరి నుంచి బస్సులో వచ్చినవాళ్లూ ఏడున్నరకే భోజనాల దగ్గర ఉంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో కొట్లున్న మా నాన్న స్నేహితులు షట్టర్ దించి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఈ రెండు గుంపులకీ ఒకే టేబుళ్లు ఇవ్వచ్చు, ఒకరికొకరు ఎదురుపడరు కూడా. అలా చూసుకుంటే పిలిచినవాళ్లలో సగానికి పైన కాస్త కుర్చీలుంటే గడిచిపోతుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఆ తర్వాత అని డ్రాప్‌డౌన్ పెట్టి, గంటకి ఎంతమందో కూడుకుని చూస్తే ఏ గంటలో హాలు కిక్కిరిసిపోతుందో ముందే తెలుస్తుంది.

టేబుల్ లెక్కలు కూడా కాస్త తెలిసి ఉండాలి. 5 అడుగుల గుండ్రటి టేబుల్ చుట్టూ ఎనిమిది మంది హాయిగా కూర్చుంటారు, పదిమంది అంటే మోచేతులు తగులుతాయి. పదిమందికి 6 అడుగులది కావాలి. హాలు వాళ్లేమో 5 అడుగుల టేబుళ్లకే పదేసి కుర్చీలు వేసేస్తారు, పైగా ఆ కవర్లు తొడిగి రిబ్బన్ కట్టిన కుర్చీలు ఇంకాస్త చోటు తింటాయి. టేబుల్ అంచు నుంచి పక్క టేబుల్ అంచుకి 5 అడుగులు వదలకపోతే ప్లేటు పట్టుకుని నడవలేరు, పట్టుచీర కట్టుకున్నవాళ్లయితే అసలు నడవలేరు. గుండ్రటి టేబుళ్లు వేస్తే మనిషికి 10 నుంచి 12 చదరపు అడుగులు చొప్పున వేసుకోండి, వేదిక, బఫే, డీజే చోటు వేరే. ఆ లెక్కన 6,000 చదరపు అడుగుల ఖాళీలో 500 నుంచి 600 మంది. "మా హాల్లో వెయ్యి మంది పడతారండీ" అని మేనేజర్ చెప్పేది వరుసగా కుర్చీలు వేసిన లెక్క. ఒక ఫంక్షన్ హాల్లో 6 అడుగులవి అని చెప్పి తీరా మధ్యాహ్నం చూస్తే 5 అడుగులవి దింపారు. అప్పుడు షీట్‌లో టేబుల్‌కి పది అని ఉన్న గడిని ఎనిమిది చేయగానే ఏ టేబుళ్లు మించిపోయాయో ఎర్రగా తేలాయి, అరగంటలో సర్దేశాం. కాగితం మీద బాణాలు గీసిన ప్లాన్ అయితే ఆ పూట ఏడుపే.

ఆ ఎరుపు కోసం రెండే పనులు నేర్చుకోవాలి. సమ్‌ఇఫ్ అనే ఫార్ములా, అది ఒక్కో టేబుల్‌కి ఎంతమంది పడ్డారో కూడి చూపిస్తుంది. తర్వాత ఇందాక చెప్పిన కండిషనల్ ఫార్మాటింగే, సంఖ్య మించితే రంగు మారాలని చెప్పడం. టేబుల్ పేర్లు చేత్తో టైప్ చేయనివ్వకండి, డ్రాప్‌డౌన్ పెట్టండి, ఒక అక్షరం తేడా వచ్చినా ఫార్ములా వదిలేస్తుంది.

టేబుళ్లకి నంబర్లు వేయొద్దు. ఇది షీట్‌కి సంబంధం లేని సంగతే అయినా చెప్పకుండా ఉండలేను. మర్యాదని నంబరుతో కొలిచే జనం మనం. "వాళ్లకి మూడో నంబరూ, మాకు పదిహేడా?" అన్న ప్రశ్న వస్తే ఆ పదిహేడు బఫేకి దగ్గరనీ, ఏసీ కిందనీ ఎంత చెప్పినా ఎక్కదు. మల్లె, సంపంగి, మందారం, పారిజాతం అని పూల పేర్లు పెట్టాం, ఎవరూ కిక్కురుమనలేదు. వియ్యాలవారి టేబుళ్లు వేదికకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పాలి, అదొక్కటి కుదిరితే చాలు మిగతావి అడగరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ముందు వరుస సోఫాల్లో కూర్చోబెట్టడం గౌరవం అనుకుంటాం, ఆ సోఫాలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి, పక్కనే డీజే స్పీకరు చెవులు చిల్లులు పొడుస్తూ ఉంటుంది. వాళ్లకి గట్టి కుర్చీలున్న టేబుల్, శాకాహారం కౌంటర్‌కీ బాత్రూమ్‌కీ దగ్గరగా.

ఎవరికెవరికి మాటల్లేవో మాత్రం షీట్‌లో రాయకండి. గమనిక కాలమ్ అంటూ ఉంటే ఎవరో ఒకరు "పొలం గొడవ, పక్కపక్కన వద్దు" అని రాసేస్తారు, ఆ లింకు తిరిగి తిరిగి ఆ పొలం వాళ్లబ్బాయి ఫోన్‌కే చేరుతుంది. నేను గమనిక కాలమే తీసేశాను. అలాంటి ఇళ్లని వేదికకి చెరో వైపూ పెట్టేస్తాను, కారణం అమ్మకీ నాకూ తెలిస్తే చాలు.

షేరింగ్ విషయంలో, ఎడిట్ చేసే అవకాశం ముగ్గురు నలుగురికి మించి ఇవ్వకండి, మిగతా అందరికీ చూడ్డానికే. ఫోన్‌లో బొటనవేలు తగిలి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెరిపేస్తారు. కంప్యూటర్‌లో తెరిచి వెర్షన్ హిస్టరీకి వెళ్తే ఎవరు ఎప్పుడు మార్చారో కనపడుతుంది, పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు. మా మామయ్య ఒకాయన రాత్రి పదకొండున్నరకి తన స్నేహితులందర్నీ ముందు టేబుళ్లకి మార్చుకున్న సంగతి అలాగే బయటపడింది, పొద్దున కాఫీ తాగుతూ ఆయన ముందే మళ్లీ వెనక్కి పెట్టాను. ఒకే కాలమ్‌ని సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టడం కూడా ప్రమాదమే, పేర్లు ఒక దారిన, సంఖ్యలు ఒక దారిన పోతాయి. సార్ట్ కావాలంటే ఫిల్టర్ వ్యూ పెట్టుకోండి, మీరు చూసే వరస మీ ఒక్కరికే మారుతుంది, పక్కవాళ్ల స్క్రీన్ కదలదు.

న్యూజెర్సీ సంగతి వేరు. అక్కడ హాలు వాళ్లు ముందుగానే ఖచ్చితమైన సంఖ్య అడుగుతారు, టేబుల్‌కి పదిమంది, గుమ్మం దగ్గర పేరుతో కార్డు. అక్కడైతే వస్తారో రారో జనం కూడా చెప్తారు, మనిషికో వరుస పెట్టుకున్నా నడుస్తుంది, ఆ బొమ్మల యాప్‌లు అక్కడికి సరిపోతాయి. ఒక్క తేడా, వేసవిలో చాలామంది ఇళ్లల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటారు, వాళ్లని ఆహ్వానానికి జవాబులో కలపడం మర్చిపోతారు. ఫోన్ చేసి విడిగా అడగాల్సిందే. కార్డులు పెట్టినా గంట తిరిగేసరికి గుంటూరు బ్యాచ్ అంతా కుర్చీలు లాక్కుని ఒకే టేబుల్ చుట్టూ చేరారు, అది వేరే విషయం.

షీట్‌తో కుదరనిది ఒకటుంది, హాలు రూపం కనపడదు. స్తంభం ఎక్కడ, ఏసీ ఎక్కడ, ఏ టేబుల్ నుంచి వేదిక కనపడదు, ఇవన్నీ గళ్లల్లో తెలియవు. గళ్లకి రంగులు పూసి హాలు బొమ్మ వేసే ప్రయత్నాలు మానేశాను, హాలుకి వెళ్లి ఒక కాగితం మీద పెన్సిల్‌తో గీసుకురావడమే నయం. ఇంకొకటి, ఆ రోజు సాయంత్రం ఫోన్‌లో షీట్ తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పెద్ద కాగితం మీద ఊళ్ల వారీగా ప్రింటు తీసి, బంధువుల్ని మొహం చూసి గుర్తుపట్టగలిగే ఇద్దరికి ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టండి. పన్నీరు చల్లే ఆడపిల్లలకి ఇవ్వకండి, వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు.

పెళ్లయ్యాక కూడా ఈ షీట్ పని అయిపోదు. అవే వరుసల పక్కన చదివింపుల కాలమ్ ఒకటి చేర్చి, కవర్లు విప్పే రోజు ఎవరెంత ఇచ్చారో రాసేసుకుంటాం, రేపు వాళ్లింట్లో శుభకార్యానికి మనం ఎంత పెట్టాలో తడుముకోకుండా. అయితే దాన్ని ఇదే ఫైల్‌లో రాయకండి, కాపీ తీసి విడి ఫైల్‌లో పెట్టి ఎవరికీ లింకు ఇవ్వకండి. కాలమ్ హైడ్ చేశాం కదా అనుకుంటే కుదరదు, ఫైల్ కాపీ చేసుకున్నవాళ్లు ఎవరైనా దాన్ని తెరిచి చూడొచ్చు.