త్ర్యంబకేశ్వరం: జ్యోతిర్లింగ దర్శనం దగ్గరే ఆగిపోవలసిన యాత్ర కాదు

తెలుగు యాత్రికులలో చాలామందికి మహారాష్ట్రలోని నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరం శిరిడీ ప్రయాణానికి అనుబంధంగా వచ్చే క్షేత్రం. నాగర్‌సోల్‌లోనో మన్మాడ్‌లోనో రైలు దిగి, శిరిడీలో సాయినాథుని దర్శనం చేసుకొని, శని శింగణాపూర్ చూసుకొని, మిగిలిన సగం రోజులో కారు మాట్లాడుకొని ఇక్కడికి వచ్చి, వరుసలో నిలబడి జ్యోతిర్లింగాన్ని దర్శించుకొని, చీకటి పడేలోపు తిరిగి వెళ్లిపోతారు. జ్యోతిర్లింగ దర్శనం అయిందన్న వారి తృప్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనం, ఆ నది పుట్టిన కొండ ఎదురుగా ఉండగా దాని వైపు తలెత్తి చూడకుండానే బండెక్కడం పెద్ద లోటని నాకు అనిపిస్తుంది. ఈ క్షేత్రానికి సగం రోజు చాలదు, కనీసం ఒక రాత్రి ఇక్కడ బస చేయాలి. అలా ఎందుకంటున్నానో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

చేరుకోవడం కష్టమేమీ కాదు. సికింద్రాబాదు వైపు నుంచి వచ్చేవారిని దేవగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా నాసిక్ రోడ్ స్టేషనులో దింపుతుంది. ఆ రైలు బాసర దగ్గర గోదావరిని దాటుతుంది కాబట్టి, కిటికీ పక్కన కూర్చున్నవారు అప్పటికే పెద్దదైన నదిని ఒకసారి చూసుకొని ఆ పైన దాని పుట్టుక వైపు ప్రయాణం చేసినట్టవుతుంది. నాసిక్ నగరం నుంచి త్ర్యంబకం సుమారు 30 కిలోమీటర్లు. మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులు తరచుగా తిరుగుతాయి. దారిలో అంజనేరి కొండ కనిపిస్తుంది. ఆంజనేయస్వామి అక్కడే పుట్టాడని ఆ ప్రాంతంవారి నమ్మకం.

ఊరి వెనకనే బ్రహ్మగిరి ఉంది. సహ్యాద్రి పర్వతాలలోని ఈ కొండ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 1,300 మీటర్లు. ఇక్కడి నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, గోదావరి ఆ దగ్గరి దారి పట్టకుండా తూర్పు ముఖంగా సాగి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం దాటి, పాపికొండల నడుమ నుంచి రాజమహేంద్రవరం చేరి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ త్ర్యంబక కొండల్లోనే పుట్టిన వైతరణ మాత్రం పడమటికి దిగి అరేబియా సముద్రం చేరుతుంది. ఈ భూగోళం తెలిసి వెళితే కొండ ఎక్కేటప్పుడు కనిపించే ప్రతి వాలుకూ ఒక అర్థం ఉంటుంది.

ముందుగా ఆలయం సంగతి. ప్రస్తుత ఆలయ నిర్మాణాన్ని నానాసాహెబు అని పిలిచే మరాఠా ప్రధాని, పీష్వా బాలాజీ బాజీరావు 1755లో ఆరంభింపజేశాడు. అది పూర్తయ్యేసరికి 1786 వచ్చింది. మూడో పానిపట్టు యుద్ధం జరిగిన 1761లోనే ఆయన మరణించాడు కనుక, తాను మొదలుపెట్టిన గుడిని పూర్తయిన రూపంలో చూడలేకపోయాడు. గుడి అంతా నల్లరాయి. వాన వెలిసిన తరువాత ఆ రాతిమీది చెక్కడాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. లోపలికి తోసుకువెళ్లే తొందరలో శిఖరాన్నీ బయటి గోడల పనితనాన్నీ చూడకుండా పోవద్దు. నంది మండపం దగ్గర నిలబడి తీరిగ్గా చూడవలసిన కట్టడం ఇది.

గర్భాలయంలో మనకు అలవాటైన ఎత్తయిన లింగం ఉండదు. పానవట్టం నడుమ ఒక గుంట, ఆ గుంటలో బొటనవేలంత మూడు లింగాలు ఉంటాయి. వాటిని బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులుగా కొలుస్తారు. భక్తులు కొంత ఎడంగా నిలబడే దర్శనం చేసుకోవాలి కనుక, గుంటలోని స్వామి కనిపించేలా లోపల పైన ఒక అద్దాన్ని వాలుగా అమర్చారు. ఈ ఏర్పాటు తెలియనివారు, దొరికిన కొద్ది క్షణాలూ నేల వైపే చూస్తూ, స్వామి ఎక్కడున్నాడో పోల్చుకునేలోపే ముందుకు కదలవలసి వస్తుంది. అందువల్ల మీ వంతు రాగానే చూపును అద్దం మీద నిలపండి. పెద్దవారు వెంట ఉంటే వారికి ఈ మాట వరుసలో ఉండగానే చెప్పి ఉంచడం మంచిది.

గుడి తెల్లవారుజామున 5.30కి తెరుస్తారు. ధర్మదర్శనం వరుస వారాంతాల్లోనూ సోమవారాల్లోనూ గంటల తరబడి సాగుతుంది. నేను వెళ్లినప్పుడు రూ. 200 చెల్లించి వెళ్లే వరుస కూడా ఉంది. అయితే రద్దీ రోజున అది కూడా చిన్నదేమీ కాదు. మామూలు పనిదినాన గుడి తెరిచే వేళకు వెళ్లినవారికి టికెట్టుతో పని ఉండదు. సోమవారం వెళ్లేవారు రద్దీని భరించగలిగితే, స్వామివారి ఉత్సవమూర్తిని పల్లకిలో కుశావర్త తీర్థానికి ఊరేగింపుగా తీసుకువెళ్లడం చూడవచ్చు. ఆ ఊరేగింపు కోసం సోమవారాన్ని ఎంచుకోవడంలో తప్పులేదని నా అభిప్రాయం.

కుశావర్తం గుడికి కొద్ది నిమిషాల నడక దూరంలో, ఊరి నడుమ ఉన్న చదరపు కోనేరు. చుట్టూ రాతి మండపాలు, నాలుగు వైపులా మెట్లు ఉన్నాయి. స్థలపురాణం ప్రకారం, గోహత్యా దోషం పోగొట్టుకోవడానికి గౌతమ మహర్షి బ్రహ్మగిరిపై తపస్సు చేయగా శివుడు తన జటాజూటం నుంచి గంగను విడిచాడు. ఆమె ఒకచోట కనిపించి మరొకచోట మాయమవుతూ నిలవకపోవడంతో, మహర్షి దర్భలు పరిచి అడ్డుకట్టి ఆమెను నిలిపిన చోటు ఇదే. పుష్కర కాలంలో ఇక్కడ జరిగే సింహస్థ కుంభమేళాలో శైవ అఖాడాల (సాధు సంఘాల) సాధువులు ఈ కోనేటిలోనే స్నానం చేస్తారు, వైష్ణవ అఖాడాలవారు నాసిక్‌లోని రామకుండంలో స్నానం చేస్తారు. ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి’ అని ఇంటి దగ్గర చెంబెడు నీళ్లలో ఆవాహన చేసుకునే నదిని ఆమె నిలిచిన మొదటి తీర్థంలోనే తాకడం నా మటుకు నాకు గుడిలోని దర్శనానికి ఏమాత్రం తీసిపోని అనుభవం.

నీటి శుభ్రత గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రద్దీ రోజుల్లో పూలూ ఆకులూ సబ్బు నురగా కోనేట్లో తేలుతుంటాయి. వేకువనే వెళితే నీళ్లు మేలుగా ఉంటాయి. సబ్బు, షాంపూ ఇక్కడ వాడకూడదన్న ఇంగితం యాత్రికులమైన మనకే ఉండాలి. ఇంతకంటే బాధ కలిగించేది ఊరి మధ్యలోని నది పరిస్థితి. కొండ దిగి వచ్చిన గోదావరి ఊళ్లో కొంత మేర కాంక్రీటు పలకల కింద నుంచి పోతుంది. దాని మీదుగా నడుస్తున్నవారికి కాళ్ల కింద ఏ నది ఉన్నదో తెలియదు. మన ఊళ్లలో హారతులిచ్చే నదిని పుట్టినచోటనే కప్పిపెట్టడం నాకు మింగుడుపడలేదు.

పూజల కోసం వచ్చేవారికి రెండు మాటలు. నారాయణ నాగబలి, త్రిపిండి శ్రాద్ధం, కాలసర్ప శాంతి చేయించుకోవడానికి మన రాష్ట్రాల నుంచి ఎందరో వస్తారు. వీటిలో నారాయణ నాగబలి మూడు రోజుల క్రతువు కాగా, కాలసర్ప శాంతి కొన్ని గంటల్లో ముగుస్తుంది. తరతరాలుగా ఈ క్షేత్రంలో ఆ అధికారం ఉన్న తీర్థ పురోహితుల కుటుంబాలు ఉన్నాయి. బస్సు దిగగానే పలకరించే మధ్యవర్తుల ద్వారా కాకుండా నేరుగా వారిని కలుసుకోవడం మేలు. మాతో వచ్చిన ఒక బంధువుకు ముందు చెప్పిన దక్షిణ ఒకటి, పూజ మధ్యలో సామగ్రి పేరిట చేరిన మొత్తం మరొకటి అయింది. దక్షిణ, సామగ్రి, భోజనం అన్నీ కలిపి ఎంతో సంకల్పానికి ముందే తేల్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. అదే ఊళ్లో మాకు తర్పణాలు చేయించిన మరొక పురోహితులు, ప్రతి మంత్రానికీ అర్థం హిందీలో ఓపికగా చెప్పి, ఇచ్చినదేదో పుచ్చుకొని ఆశీర్వదించారు.

ఇక ఈ యాత్రకు ప్రాణమైన కొండ గురించి చెబుతాను. ఊరి చివర నుంచి దాదాపు 700 మెట్లు ఎక్కితే గంగాద్వారం వస్తుంది. మెట్లు రాతివి, వెడల్పైనవి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా ఆగి ఆగి ఎక్కగలిగింది. దారిలో నిమ్మరసం, మజ్జిగ అమ్మే చిన్న పాకలు ఉన్నాయి. వేసవిలో అయితే మన కలే పండ్లను పోలిన కరవందలను ఆకుల్లో పెట్టి అమ్ముతారు. పైన కొండ చరియను ఆనుకొని చిన్న గంగమ్మ గుడి ఉంది. అక్కడ రాతిలో మలచిన ముఖం నుంచి గోదావరి చుక్కచుక్కగా జారుతుంది. ధార అని కూడా అనలేం. రాజమహేంద్రవరంలో రైలు దాటడానికి నిమిషాలు పట్టే నది, ధవళేశ్వరం కాలువల ద్వారా గోదావరి జిల్లాలకు అన్నం పెట్టే నది, చెంబు నిండడానికి మనల్ని నిలబెట్టేంత సన్నగా అక్కడ కనిపిస్తుంది. మా అమ్మ గౌతమీ పాయ ఒడ్డున పుట్టిన మనిషి. చెంబు నిండే వరకూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పక్కనే కోలంబికాదేవి ఆలయం, కొంచెం ఎడంగా 108 శివలింగాలున్న గుహ, గోరఖ్‌నాథుని గుహ ఉన్నాయి. ఆ గుహలోని లింగాలను గౌతముడు అర్చించాడని చెబుతారు. ఈ ఒక్క చోటుకు కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

ఓపిక ఉన్నవారు అక్కడితో ఆగకుండా బ్రహ్మగిరి శిఖరానికి వెళ్లాలి. దారి పొడవునా కొండనే తొలిచి మలిచిన ఇరుకు మెట్లు, రాతి ద్వారాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇది త్ర్యంబక్‌గఢ్ అనే కోట, 1818లో బ్రిటిషువారి వశమైంది. మామూలు నడకతో రెండు మూడు గంటలు పడుతుంది. పైన రెండు ముఖ్యమైన స్థలాలు ఉన్నాయి. ఒకటి మూలగంగ, అంటే మేడిచెట్టు మొదట గోదావరి తొలిసారి వెలువడిందని చెప్పే చోటు. అక్కడ చిన్న గుడి, నీటి కుండం ఉన్నాయి. రెండోది శివుడు జటలు నేలకు కొట్టి గంగను విడిచాడని చెప్పే జటామందిరం. స్థలపురాణం ప్రకారం మూలగంగలో పుట్టిన నీరు మాయమై గంగాద్వారంలో కనిపిస్తుంది, అక్కడా మాయమై కుశావర్తంలో తేలుతుంది. కాబట్టి వేకువన పైకి వెళ్లి, దిగేటప్పుడు ఈ మూడింటినీ ఇదే వరుసలో చూసుకుంటూ వస్తే, నది వెంట దిగినట్టే ఉంటుంది. సగం రోజు ప్రయాణం పెట్టుకున్నవారికి దక్కనిది సరిగ్గా ఇదే. నేను ఒక రాత్రి బస చేయమనడానికి కారణమూ ఇదే.

కొండ మీద కోతులతో జాగ్రత్తగా ఉండాలి. చేతిలో సంచీ, తినుబండారాల పొట్లం, నీళ్ల సీసా కనబడితే లాక్కుపోతాయి. వీపుకు తగిలించుకునే సంచీ ఒక్కటే తీసుకువెళ్లి, పూజాద్రవ్యాలు కూడా అందులోనే పెట్టుకోండి. వానాకాలంలో చుట్టూ జలపాతాలతో, పచ్చదనంతో కొండ అందానికి సాటి ఉండదు కానీ, పాచి పట్టిన ఇరుకు మెట్ల మీద పెద్దవారిని ఎక్కించడం ప్రమాదం. అప్పుడు గంగాద్వారం వరకే వెళ్లడం మంచిది.

బసకు ఊళ్లో సత్రాలు, లాడ్జీలు చాలా ఉన్నాయి. శేగావ్ గజానన్ మహారాజ్ సంస్థానం వారి భక్తనివాసం శుభ్రంగా ఉంటుందని పేరున్నది. సెలవు రోజుల్లో అక్కడ గదులు తొందరగా నిండిపోతాయి. భోజనానికి వరణ్-భాత్ (పప్పు, అన్నం), పిఠ్లం-భాకరీ (శనగపిండి కూర, రొట్టె), ఉపవాసం ఉన్నవారికి సాబూదానా (సగ్గుబియ్యం) ఖిచిడీ ఎక్కడైనా దొరుకుతాయి. సాయంత్రం కాస్త తీరిక చిక్కితే, మరాఠీ భక్తకవి జ్ఞానేశ్వర మహారాజు అన్నగారైన నివృత్తినాథుని సమాధి మందిరానికి తప్పక వెళ్లండి. ప్రధాన ఆలయంలోని తొక్కిసలాట అక్కడ ఉండదు. పుష్య బహుళ ఏకాదశి నాడు మాత్రం వార్కరీలనే విఠ్ఠల భక్తులు దిండీలతో, అంటే భజన బృందాలుగా, అభంగాలనే భక్తిగీతాలు పాడుకుంటూ వేలాదిగా తరలివస్తారు.

రావడానికి తగిన కాలం కార్తికం నుంచి మాఘం వరకు. అప్పుడు వానలు తగ్గి ఉంటాయి, ఎండ బాధించదు, గంగాద్వారంలో నీళ్లూ ఉంటాయి. శ్రావణ సోమవారాలు, ముఖ్యంగా జనం బ్రహ్మగిరి చుట్టూ కాలినడకన ప్రదక్షిణ చేసే మూడో సోమవారం, ఆ ప్రదక్షిణ కోసం వచ్చేవారికి తప్ప తక్కినవారికి తగినవి కావు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించే 2027లో మన వైపు గోదావరి పుష్కరాలు, అటు నాసిక్, త్ర్యంబకంలో సింహస్థం వస్తాయి. 2015లో జరిగినట్టే ఆ రోజుల్లో ఊరంతా స్నానాల ఏర్పాట్లకే అంకితమవుతుంది. పెద్దవారిని వెంటబెట్టుకొని గంగాద్వారం మెట్లు నెమ్మదిగా ఎక్కించాలనుకునేవారు ఆ రద్దీ మొదలుకాక ముందో, పూర్తిగా తగ్గిన తరువాతో ప్రయాణం పెట్టుకోవడం మంచిది.