యూదమతం పుచ్చుకున్నవాడికి ఏ పండుగ మేలు: పస్కానా, ప్రథమఫలాలా?

యూదుడిగా పుట్టనివాడు యూదుల పండుగలో ఎంతవరకు కలవొచ్చు? యెరూషలేములో దేవాలయం ఉన్న రోజుల్లో దీనికి ఒక్కటే జవాబు లేదు. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదలను తలచుకునే పస్కా దగ్గర ఒక పద్ధతి; ఏడు వారాల తర్వాత వచ్చే వారాల పండుగతో మొదలయ్యే ప్రథమఫలాల సమర్పణ, అంటే తొలిపంటను బుట్టలో దేవాలయానికి తెచ్చి ఇవ్వడం దగ్గర ఇంకో పద్ధతి. రెండిట్లో నా ఓటు పస్కాకే. ఎందుకో చెబుతాను.

ముందు బయట నిలబడ్డవాళ్ల సంగతి. సున్నతి పొందకుండానే ఇశ్రాయేలు దేవుణ్ణి కొలిచే అన్యజనులు అప్పట్లో చాలామందే ఉన్నారు. బైబిల్లో 'భయభక్తులు గలవారు' అంటే వీళ్లే. పండుగకు యెరూషలేము వచ్చేవారు, బయటి ఆవరణలో మొక్కుకునేవారు. అంతకుమించి లోపలికి పోకుండా ఒక అడ్డుగోడ ఉండేది. 'పరాయివాడు ఈ గోడ దాటితే తన చావుకు తనదే పూచీ' అని దాని మీద గ్రీకులో చెక్కించారు. 1871లో దొరికిన ఆ రాతిపలక ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పస్కా మాంసంలో వీళ్లకు ముక్క కూడా దక్కదు. వాళ్లది చుట్టపుచూపు.

మతం పుచ్చుకున్నవాడి సంగతి వేరు. తెలుగు బైబిల్ 'యూదమత ప్రవిష్టులు' అనేది వీళ్లనే. పస్కా గురించి నిర్గమకాండం 12వ అధ్యాయం సూటిగా చెప్పేస్తుంది. సున్నతి లేనివాడు తినకూడదు. పరదేశి తినాలనుకుంటే ఇంట్లో మగవాళ్లందరికీ సున్నతి జరగాలి. ఆ తర్వాత అతను ఆ దేశంలో పుట్టినవాడితో సమానం, ఇద్దరికీ ఒకటే చట్టం. ఎదిగిన మగవాడికి సున్నతి మాటలు కాదు. గడప దగ్గరే అంత పెద్ద పరీక్ష. కానీ గడప దాటాక బంతిలో వలపక్షం లేదు. యూదుల నీసాను నెల 14న మధ్యాహ్నం గొర్రెపిల్లను వధించే ముందే ఎవరు ఏ జట్టులో తింటారో లెక్క కట్టేవారు. రాత్రికి నిప్పుల మీద కాల్చి, పొంగని రొట్టె, చేదు ఆకులతో కలిపి తినాలి, తెల్లారేసరికి ఏమీ మిగలకూడదు. ఆ లెక్కలో అతని పేరూ ఉంటుంది, ఆ గొర్రెలో అతని వంతూ ఉంటుంది.

సరిగ్గా పండుగ ముందురోజే మతం పుచ్చుకుంటే? ఇక్కడ షమ్మాయి, హిల్లేలు అనే ఇద్దరు పాతకాలపు యూద గురువుల శిష్యులకు పడలేదు. స్నానం చేసి ఆ రాత్రే తినొచ్చని షమ్మాయి వర్గం. కాదు, సున్నతి పొందినవాడు సమాధి దగ్గర్నుంచి వచ్చినవాడితో సమానం, శవాన్ని తాకినవాడిలా ఏడు రోజుల శుద్ధి పూర్తి చేయాల్సిందేనని హిల్లేలు వర్గం. మామూలుగా మెతకగా ఉండేది హిల్లేలు వాళ్లే, ఇక్కడ మాత్రం తిరగబడింది. వాళ్ల భయం కూడా అర్థమవుతుంది. ఈ ఏడు ఒట్టి స్నానంతో తిన్నవాడు, వచ్చే ఏడు నిజంగా శవాన్ని తాకి కూడా 'పోయినసారి స్నానమే సరిపోయిందిగా' అంటాడేమోనని. చివరికి వాళ్ల మాటే నిలిచింది. అయినా యెరూషలేములో మతం పుచ్చుకున్న కాపలా సైనికులు అలాగే స్నానం చేసి ఆ రాత్రే పస్కా తిన్నారని రబ్బీ (యూద మతగురువు) ఎలీయెజెరు బెన్ యాకోబు చెప్పిన మాట ఒకటి మిగిలింది. నా మనసు ఆ సైనికుల వైపే. ఏదేమైనా ఈ గొడవంతా ఎప్పుడు తినాలన్న దాని మీదే. తినే హక్కును రెండు వర్గాల్లో ఎవరూ కాదనలేదు.

ఇక ప్రథమఫలాలు. చూడ్డానికి ఇది పస్కా కంటే కన్నులపండుగ. ముందు కొమ్ములకు బంగారు పూత పూసిన ఎద్దు, దాని తల మీద ఒలీవ కొమ్మల కిరీటం, వెంట పిల్లనగ్రోవి పాట. ఈ ఊరేగింపు యెరూషలేములోకి రాగానే పనివాళ్లు కూడా లేచి నిలబడి పలకరించేవారు. దేవాలయం కొండకు చేరాక అగ్రిప్ప రాజైనా సరే, బుట్ట తన భుజానికే ఎత్తుకోవాలి. యాజకుడి ముందు ఒక పాఠం చెప్పాలి: 'మన పితరులకు ఇస్తానని దేవుడు ప్రమాణం చేసిన దేశానికి నేను వచ్చాను.'

మతం పుచ్చుకున్నవాడు బుట్ట తేవాలి, ఈ పాఠం మాత్రం చెప్పకూడదని మిష్నా, అంటే రబ్బీల పాత ధర్మసంకలనం. 'మన పితరులు' అనే మాట అతని నోట అబద్ధం అవుతుందట. ఒంటరిగా ప్రార్థించేటప్పుడు 'ఇశ్రాయేలు పితరుల దేవా' అనాలి, సమాజ మందిరంలో అయితే 'మీ పితరుల దేవా' అనాలి. పక్కనున్న నలుగురూ 'మా' అంటుంటే ఒక్కడే 'మీ' అనడం ఎలా ఉంటుందో ఊహించండి. పస్కా రాత్రి సమానుడైనవాడు, ఏడు వారాలు తిరిగేసరికి బుట్ట పట్టుకుని మౌనంగా నిలబడాలి.

దేవుడి ముందు అబద్ధమాడకూడదన్న పట్టుదలను నేను తీసిపారేయను. దేశం గోత్రాల వారీగా తండ్రి నుంచి కొడుకుకు వచ్చిందన్నదీ నిజమే. కానీ అదే మిష్నాలో ఇంకో సంగతి ఉంది. పాఠం రానివాళ్లు మొదట్లో యాజకుడు చెప్పిస్తే పలికేవారు. ఆ సిగ్గుకు వాళ్లు రావడమే మానేస్తే, పాఠం తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ అందరికీ యాజకుడే చెప్పించాలని కట్టడి చేశారు. చదువు రానివాడు చిన్నబోకూడదని అంత ఆలోచించినవాళ్లు ఇతని గురించి ఎందుకు ఆలోచించలేదన్నదే నా బాధ.

ఆలోచించినవాళ్లూ ఉన్నారు. అబ్రాహాము అనేక జనాలకు తండ్రి కాబట్టి ఇతనూ పాఠం చెప్పాలని రబ్బీ యూదా అన్నాడు. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న యూద పండితుడు మైమోనిడీసు ఆ మాటనే తన ధర్మశాస్త్రంలో ఖాయం చేశాడు.

ఇదంతా పాతకథే కదా అనుకునేవాళ్లకు ఒక మాట. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని వాళ్ల నమ్మకం. అలాగే మనష్షే గోత్రం వాళ్లమని చెప్పుకునే మిజోరం, మణిపూర్ బెనే మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అయినా వాళ్లు మతప్రవేశం తంతు జరిపించుకోవాల్సి వచ్చింది. గడప దగ్గర ఏం అడిగినా అడగనీ, లోపలికొచ్చాక 'మీ పితరులు' అనిపించకూడదు.

మైమోనిడీసుకు ఓబద్యా అనే మతప్రవిష్టుడు ఇదే సందేహం రాశాడు, 'మా పితరుల దేవా' అనొచ్చా అని. అనాలి, ఏ మాటా మార్చనక్కర్లేదు అని జవాబు. 'మమ్మల్ని ఐగుప్తు నుంచి రప్పించినవాడా' అన్నచోట మాత్రం, కావాలంటే 'ఇశ్రాయేలును రప్పించినవాడా' అనుకో, మార్చకపోయినా తప్పేమీ లేదన్నాడు. ఏ మాట అనాలో ఆ ఒక్కచోట ఓబద్యాకే వదిలేశాడు. ప్రథమఫలాల దగ్గర నోరు మూయించిన నియమం కంటే ఇది ఎంతో మేలు.