కురుసుర సబ్‌మెరైన్: కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు ఒకసారి వెళ్ళిరండి

మొన్న ఏప్రిల్‌లో నాకు టీమ్ లీడ్ ఇచ్చారు. ఆరుగురు మనుషులు, అందులో ఇద్దరు వయసులో నాకంటే పెద్ద. టెన్షన్‌తో వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. లీడర్ అనేవాడు ఎలా ఉండాలో ఫోన్‌లో బోలెడు వీడియోలు చూశాను గానీ, అసలు విషయం నా బుర్రకెక్కింది మాత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌లో, చిన్నప్పటినుంచీ మురీ మిక్చర్ తింటూ బయటనుంచే చూసి వచ్చేసే ఆ కురుసుర సబ్‌మెరైన్ లోపల.

ఊరినుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళాను. 1969లో సోవియట్ యూనియన్‌లో మన నేవీ చేతికొచ్చింది, 1971 పాకిస్తాన్ యుద్ధం చూసింది, 2001లో రిటైరయ్యాక ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సిందే, అలాంటిచోట దాదాపు 75 మంది మంచినీళ్ళు కూడా పొదుపుగా వాడుకుంటూ రోజుల తరబడి నీళ్ళ కింద బతికారట. కెప్టెన్ గది కూడా చూశాను, మా ఇంట్లో సామాన్ల గదంత కూడా లేదు.

మాకు చూపించినాయన నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనప గుమ్మంలోంచి వంగి, ముందు కాలు పెట్టి దూరాలి. ప్రతి గుమ్మం దగ్గరా ఆయన ముందు తను దాటి, వెనక్కి తిరిగి, పై అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. మా పెద్దత్త వంగడం మర్చిపోయింది, తల తగిలింది ఇనుముకి కాదు, ఆయన చేతికి. "పర్లేదమ్మా, మెల్లిగా" అన్నారంతే. రోజూ ఎంతమందికి అలా చెయ్యి అడ్డం పెడతారో.

పెరిస్కోప్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. "పైన ఏముందో ఇందులోంచి చూసేది ఒక్కడే బాబూ, మిగతా అందరికీ ఆయన మాటే కళ్ళు" అన్నారు. ఆ మాటకి నాకు నా పాత ఆఫీసు గుర్తొచ్చింది. ప్రాజెక్టు పోయిందని మా మేనేజర్‌కి రెండు నెలల ముందే తెలుసు, అయినా "అంతా బాగుంది" అంటూనే వచ్చారు, ఆ మాట నమ్మి మాలో ఒకతను అప్పుచేసి బండి కొన్నాడు, తర్వాతి నెలలోనే ఉద్యోగం పోయింది. కోప్పడే బాస్‌నైనా భరిస్తాం గానీ, తనకి కనిపిస్తున్నది మనకి చెప్పనివాణ్ణి భరించలేం. అందుకే మర్నాడే మా ఆరుగురినీ కూర్చోబెట్టి, క్లయింట్ డెడ్‌లైన్ ముందుకి జరిపాడనీ, నాకూ భయంగానే ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. టీమ్‌లో నాకంటే పెద్దవాళ్ళిద్దరిలో ఒకరు పాత ఫైళ్ళు తీసుకొచ్చి సాయంత్రం ఏడుదాకా నాతో కూర్చున్నారు, నేను అడగలేదు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం వద్దు, వెనకనుంచి జనం తోసుకొస్తుంటే ఏదీ తీరిగ్గా చూడలేరు, మామూలు రోజున వెళ్ళి గైడ్‌ని ప్రశ్నలు అడగండి, ఓపిగ్గా చెప్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ గుమ్మాలు కష్టం, చీరకంటే పంజాబీ డ్రెస్సు నయం. రోడ్డుకి అవతలే టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, అది కూడా చూసుకోవచ్చు. నేను వచ్చే నెల మా టీమ్‌ని తీసుకెళ్తున్నాను, టికెట్లు నావే.