1963 ఒరిజినల్ అని జాజ్ ఎల్పీ అమ్ముతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చూడండి

జిమ్మీ స్మిత్ ఆర్గాన్, స్టాన్లీ టరెంటీన్ టెనర్ శాక్సఫోన్ కలిసిన బ్లూ నోట్ రికార్డు కంపెనీ వాళ్ల ‘బ్యాక్ ఎట్ ద చికెన్ ష్యాక్’ ఎల్పీ కోసం వెతుకుతున్నవాళ్లు కాస్త ఆగండి. “1963 బ్లూ నోట్ ఒరిజినల్, మోనో” అని పెట్టిన ఒక ఆన్‌లైన్ సెల్లర్‌కి అడిగినంతా ఇచ్చి కొన్నాను, వచ్చింది మాత్రం ఈమధ్య ఎక్కడో కొట్టించిన కాపీ.

కవర్ వెనక కింది మూలన తెల్ల స్టిక్కర్ ఉంది, పాత షాపు ధర చీటీలా. గోటితో మెల్లగా లేపితే కింద బార్‌కోడ్! అమెరికా షాపుల్లో బార్‌కోడ్ స్కాన్ చేయడం మొదలైందే 1974లో అండీ.

ఇక రికార్డు లైటు కింద పెట్టి చూశాను. పాటలు అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ జాగాలో వాన్ గెల్డర్ పేరు ముద్ర ఉండాలి. 1960 ఏప్రిల్ 25న న్యూజెర్సీలోని తన స్టూడియోలో దీన్ని రికార్డు చేసిన ఇంజనీరు ఆయనే. అయితే 1966లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ని కొన్నాక వచ్చిన కాపీల్లోనూ ఆ ముద్ర కనబడుతుంది కాబట్టి అదొక్కటి చూసి నమ్మొద్దు. పక్కనే చెవి ఆకారంలో గీసిన చిన్న గుర్తు, అంటే అమ్మకానికి ముందు బ్లూ నోట్ రికార్డులు అచ్చుకొట్టిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీది, ఉందో లేదో చూడండి. నాకొచ్చినదాంట్లో రెండూ లేవు.

పోనీ వినడానికైనా బాగుందా అంటే అదీ లేదు. ఈ ఆల్బమ్‌లో బేస్‌కి, అంటే కింది స్వరాలకి, వేరే మనిషి లేడు, ఆ పనంతా ఆర్గాన్ మీద స్మిత్ ఎడమ చేయి, పాదాలే చూసుకుంటాయి. ఆ కింది స్వరం పల్చబడిపోతే పైన టరెంటీన్ ఎంత బాగా ఊదినా గాల్లో వేలాడుతున్నట్టుంటుంది, డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేలు, సింబల్స్, అయితే మరీ చెవులు గీరుతున్నాయి.

అడిగితే “అరవయ్యేళ్ల సరుకు, ఇలాగే ఉంటుంది” అని బుకాయించాడు, బార్‌కోడ్ ఫొటో పంపాక జవాబే లేదు. రీఇష్యూ, అంటే తర్వాత మళ్లీ విడుదల చేసిన కాపీ, కొనడంలో తప్పేం లేదు, నేనూ కొంటాను, కానీ రీఇష్యూ అని చెప్పి ఆ ధరకే అమ్మాలి కదా. అదే రోజు రికార్డింగుల్లోంచి వచ్చిన ‘మిడ్‌నైట్ స్పెషల్’ని కూడా ఇతను “1963 ఒరిజినల్” అనే అమ్ముతున్నాడు, నిజానికి అది 1961లోనే విడుదలైంది.

లేబుల్ పక్క ఖాళీ జాగాని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి, పంపకపోతే వదిలేయండి. నేను బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు.