వెనిస్‌లో కారెక్కడ పెట్టాలి అంటే... ట్రోంకెట్టోలో మేం రెండు రాత్రులు పెట్టాం

మేలో మ్యూనిక్ నుంచి మా కార్లోనే వెనిస్ వెళ్ళొచ్చాం, నేనూ మా ఆవిడా బాబూ, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారూ మావయ్యగారూ. హోటల్ కంటే ముందు నేను వెతికింది పార్కింగే. ఎందుకంటే పోయినేడు ఇంకో దేశంలో ఒక ఊళ్ళో (పేరెందుకులెండి) హోటల్‌ వాళ్ళు ఆ సందులో పెట్టుకోండి ఏం కాదు అంటే పెట్టేసాం, పొద్దున్నే చూస్తే వెనక అద్దం ముక్కలు ముక్కలు, సీటు మీద వదిలేసిన బ్యాగు లేదు. అందులో ఉన్నవి డైపర్లూ పాత ఛార్జరూ, దొంగ కూడా ఏడ్చుంటాడు, అయినా మాకు సగం రోజు పోలీస్ స్టేషన్లోనే అయిపోయింది. జర్మనీలో మన టైల్‌కాస్కో, అంటే కారుకి తీసుకునే పాక్షిక ఇన్సూరెన్స్, అద్దానికి ఇస్తుంది గానీ కార్లో పోయిన బ్యాగుకి పైసా ఇవ్వదని అప్పుడే తెలిసింది.

వెనిస్ ఊళ్ళోకి కారు పోదు. నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువుండే లిబెర్టా బ్రిడ్జి దాటగానే పియజ్జాలే రోమా, రోడ్డు అక్కడితో సరి. అక్కడా గ్యారేజీలున్నాయి, దిగితే ఊళ్ళోనే ఉంటాం, రేటు కూడా దానికి తగ్గట్టే ఎక్కువుంటుంది. బ్రిడ్జి చివర్లో కుడివైపుకి తిరిగితే ట్రోంకెట్టో, సముద్రంలో మట్టి పోసి చేసిన దీవి, దాని మీద పెద్ద అంతస్తుల పార్కింగ్. మాకు రోజుకి ఇరవై పైచిలుకు యూరోలు పడింది. చూడ్డానికి ఏం లేదు, ఒట్టి కాంక్రీటు. కానీ మన కారు మనమే పెట్టుకుంటాం, తాళం మన జేబులోనే, రాత్రంతా లైట్లుంటాయి, నాకు కావల్సింది అదే.

గేటు దగ్గర ఇచ్చే టికెట్ కార్లో వదిలెయ్యకండి, వెళ్ళేటప్పుడు ముందు మెషీన్లో డబ్బు కట్టి ఆ తర్వాతే కారెక్కాలి. ఏ అంతస్తు, ఏ నంబరు అనేది ఫోటో తీసుకోండి. మావయ్యగారు మాత్రం టికెట్ జేబులో పెట్టుకుని, రాజమండ్రి సైకిల్ స్టాండులో చీటీ ఇచ్చినట్టే ఇచ్చారయ్యా అని, సగం దూరం వచ్చాక మళ్ళీ వెనక్కెళ్ళి నాలుగు డోర్లూ లాగి చూసొచ్చారు. నేనేం అనలేదు, నిజానికి నాకూ చూడాలనే ఉంది.

సామాను సంగతి ముఖ్యం. వెనిస్‌లో అడుగడుక్కీ మెట్ల వంతెనలు, పెద్ద సూట్‌కేసులు మోస్తే నడుం పోతుంది. అందుకని రెండు రాత్రులకి సరిపడా చిన్న బ్యాగులు ఇంట్లోనే సర్దేసాం, పెద్దవి డిక్కీలో, పైన ఏం కనబడకుండా. పార్కింగ్‌కి వచ్చాక డిక్కీ తెరిచి బట్టలు అటూ ఇటూ మార్చే పని అస్సలు పెట్టుకోకండి, బయటి దేశం నంబర్ ప్లేటు చూస్తేనే లోపల సామానుందని తెలిసిపోతుంది, మనం ఇంకా ఎగ్జిబిషన్ పెట్టడం ఎందుకు. అత్తయ్యగారి ఆవకాయ సీసా కూడా డిక్కీలోనే ఉంది, అది పోతే ఏ ఇన్సూరెన్స్ ఇస్తుంది చెప్పండి.

అక్కణ్ణుంచి ఊళ్ళోకి పీపుల్ మూవర్ అని డ్రైవర్ లేని చిన్న రైలు, తాడుతో లాగుతుంది, మధ్యలో ఒక స్టాపు, నాలుగైదు నిమిషాల్లో పియజ్జాలే రోమా. పెద్దవాళ్ళున్నప్పుడు ఇది చాలా హాయి. లేదంటే వాపొరెట్టో, అంటే మన సిటీ బస్సు లాంటి పడవ, రెండో నంబరుది అక్కడికే వస్తుంది. ఒక్క జాగ్రత్త, టోపీలు పెట్టుకుని గవర్నమెంట్ వాళ్ళలా చేతులూపి ఇటు రండి ఇటు రండి అని పిలిచేవాళ్ళుంటారు, వాళ్ళు ఎక్కించేది ప్రైవేటు పడవ. మమ్మల్నీ ఒకాయన పిలిచాడు, మావయ్యగారు అప్పటికే అటు నాలుగు అడుగులు వేసేసారు.

ట్రోంకెట్టో పార్కింగ్‌కి అయిదుకి నాలుగు ఇస్తా, ఒకటి తగ్గించింది రేటుకే. కుర్రాళ్ళయితే బ్రిడ్జికి ఇవతలే ఉండే మేస్త్రేలో స్టేషన్ దగ్గర పెట్టుకోండి, ఇంకా చవక, రైలెక్కితే పదీ పన్నెండు నిమిషాల్లో వెనిస్. రోడ్డు పక్కన పెట్టేటట్టయితే ముందు కింద గీత చూడండి, ఇటలీలో తెల్లగీత ఫ్రీ, నీలం డబ్బులకి, పసుపు ప్రత్యేకంగా కేటాయించినవాళ్ళకి, మనది కాదు. తెల్లగీతైనా పక్కనున్న బోర్డు చదవండి, కొన్నిచోట్ల గంట సేపే. అన్నట్టు పైన బాక్సు కట్టిన కారైతే గ్యారేజీ ఎత్తు ఎంతో ముందే చూసుకోండి, గేటు దాకా వచ్చాక వెనక బండ్లున్నప్పుడు రివర్స్ తీయడం మామూలు కష్టం కాదు.