షామొనీ లోయలో ట్రైల్ రన్నింగ్: ఏ దారి ఎవరికి, బస ఎక్కడ మేలు

ఫ్రాన్స్‌లో మాంట్ బ్లాంక్ పాదాల దగ్గరున్న షామొనీకి ట్రైల్ రన్నింగ్, అంటే కొండదారుల్లో పరుగు కోసం వెళ్లేవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రూట్లను కిలోమీటర్లతో కొలుస్తారు. ఇక్కడ ఆ కొలత పనిచేయదు. ప్రతి 100 మీటర్ల ఎక్కుడినీ ఒక కిలోమీటరుగా లెక్కగట్టి అసలు దూరానికి కలపండి. అప్పుడే దారి ఎంత పని పెడుతుందో తెలుస్తుంది. ఊరి చర్చి దగ్గర మొదలయ్యే వర్టికల్ కిలోమీటర్, అంటే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కించే దారి, పొడవు 3.8 కి.మీ. మాత్రమే, కానీ 1,035 మీటర్ల ఎత్తు నుంచి 2,000 మీటర్ల దగ్గరున్న ప్లాంప్రాకు తీసుకెళ్తుంది. ఆరోగ్యంగా, వేగంగా పరుగెత్తేవాళ్లు కూడా అక్కడ చాలాసేపు తొడల మీద చేతులు పెట్టుకుని నడవాల్సిందే.

మొదటి రోజుకు గ్రాండ్ బాల్కన్ సూద్ సరిపోతుంది. కేబుల్ కార్‌లో ప్లాంప్రాకు ఎక్కి అక్కడి నుంచి లా ఫ్లెజేర్ (1,877 మీ.) దాకా సుమారు 6 కి.మీ. పెద్ద ఎక్కుళ్లు లేవు. ఎదురుగా హిమానీనదాలన్నీ వరసగా కనబడతాయి. ఎండ పక్కన ఉండటంతో మంచు త్వరగా కరుగుతుంది, అయితే జూన్ చివరి దాకా నీడలో ఉన్న ఇరుకు గాడుల్లో గట్టి మంచు మిగిలి ఉంటుంది. పొద్దున్నే అది గాజులా ఉంటుంది. రన్నింగ్ షూ గుచ్చుకోదు, జారితే ఆపుకోవడం కష్టం. జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా వెళ్తే ఈ బెడద దాదాపు ఉండదు. దారిలో నమ్మదగ్గ నీటి ఊటలు లేవు. కనీసం లీటరు, ఆగస్టు ఎండలో లీటరున్నర మోసుకెళ్లండి.

ఎదుటి వాలు మీదున్న గ్రాండ్ బాల్కన్ నోర్ కష్టమైనది. ప్లాన్ ద లెగ్వీ (2,317 మీ.) నుంచి మోంటాన్వేర్ (1,913 మీ.) వైపు వెళ్తే మొత్తం మీద దిగుడే, అందుకే సులువనుకుంటారు. కానీ నేల నిండా గ్రానైట్ బండలు. ప్రతి అడుగూ చూసుకుని వేయాలి, తల ఎత్తి చూడాలంటే ఆగాలి. ఉత్తరం వైపు వాలు కావడంతో మంచు కూడా ఆలస్యంగా పోతుంది. తడిసిన రోజు ఈ దారి వద్దు. మోంటాన్వేర్ నుంచి పళ్ల చక్రం సాయంతో కొండ ఎక్కిదిగే రైలు ఉంది, టికెట్ డబ్బు మిగుల్చుకోవాలంటే అడవి దారిన ఊళ్లోకి దాదాపు 870 మీటర్లు దిగాలి. వేర్లు ఎక్కువ. అప్పటికే అలసిన చీలమండలు ఇక్కడే మెలిక పడతాయి.

నిజంగా పరుగెత్తడానికి తగిన దారి ఒక్కటే చెప్పమంటే, లోయ పై చివరనున్న లె తూర్ ఊరి నుంచి కోల్ ద బాల్మ్ కనుమ (2,191 మీ.), అక్కడి నుంచి ఎగ్వియెత్ దె పోజెత్ శిఖరరేఖ (2,201 మీ.) మీదుగా త్రె ల షాంకు దిగే దారి. సుమారు 13 కి.మీ., 950 మీటర్ల ఎక్కుడు, అంటే మన లెక్కలో 22.5. మొదటి భాగం పచ్చిక మీద ఒకే తీరుగా ఎక్కుతుంది, గట్టు మీద మట్టిదారి కాలికి హాయిగా ఉంటుంది. చివరి దిగుడులో మాత్రం దుంగలు అడ్డంగా పాతి మెట్లు కట్టారు. దుంగల వెనక మట్టి కొట్టుకుపోయి ఒక్కో మెట్టు మోకాలెత్తు అయింది. అక్కడ పెద్ద అంగలు వేస్తే ఆ పోటు మర్నాడు తొడల్లో తెలుస్తుంది. చిన్న అడుగులు వేయండి, పోల్స్ (చేతికర్రలు) ముందుకు గుచ్చండి.

లాక్ బ్లాన్ (2,352 మీ.) అందం గురించి అందరూ చెబుతారు, రద్దీ గురించి తక్కువమంది చెబుతారు. పది దాటితే ఫ్లెజేర్ వైపు దారి నడిచేవాళ్లతో నిండిపోతుంది. కోల్ దె మోంతె (1,461 మీ.) నుంచి ఏడింటిలోపు బయల్దేరి తెత్ ఓ వాన్ (2,132 మీ.) మీదుగా ఎక్కి ఫ్లెజేర్ వైపు దిగడం మేలు. త్రె ల షాం నుంచి వచ్చే మరో దారిలో ఇనుప నిచ్చెనలు ఉంటాయి. ఎత్తు భయం ఉన్నవాళ్లకూ చేతిలో పోల్స్ పట్టుకున్నవాళ్లకూ అది పనికిరాదు. ఇదంతా ఎగ్వీ రూజ్ రక్షిత ప్రాంతం, కుక్కలను తీసుకెళ్లనివ్వరు.

వాన రోజుల్లో హోటల్లో కూర్చోనక్కర్లేదు. లోయ అడుగున అడవిలో సాగే పెతీ బాల్కన్ దారులు రెండూ బాగుంటాయి. పిడుగుల ముప్పు అన్నది వేరే సంగతి. వేసవిలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం మొదలవుతాయి కాబట్టి ఒంటిగంటకల్లా గట్ల మీద నుంచి దిగిపోయేలా బయల్దేరండి.

పూర్తి చుట్టు, అంటే టూర్ దు మాంట్ బ్లాంక్, దాదాపు 170 కి.మీ., 10,000 మీటర్ల ఎక్కుడు, మూడు దేశాలు (ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్). 2003లో మొదలైన అల్ట్రా ట్రైల్ దు మాంట్ బ్లాంక్ (యూటీఎంబీ) పందెం కూడా ఇంచుమించు ఈ దారినే పోతుంది, అక్కడ గడువు 46 గంటల 30 నిమిషాలు. సరదాగా పరుగెత్తేవాళ్లు నాలుగు రోజులకు పంచుకోవచ్చు: షామొనీ నుంచి లె షాపియో సుమారు 50 కి.మీ., అక్కడి నుంచి ఇటలీలోని కూర్‌మాయోర్ 30, స్విట్జర్లాండ్‌లోని షాంపే 45, తిరిగి షామొనీ 45. మొదటి రోజు దూరం తగ్గాలంటే దారిలోనే ఉన్న లె హూష్ ఊళ్లో మొదలుపెట్టండి. వీటన్నిటిలో బెర్తోనె రెఫ్యూజ్ (కొండ మీది బస) నుంచి బొనాత్తి రెఫ్యూజ్ దాకా ఇటలీ వైపు గట్టుదారి అన్నిటికంటే మెత్తగా పరుగెత్తనిస్తుంది. పక్కనే గ్రాంద్ జొరాస్ గోడ నిలబడి ఉంటుంది. షాంపే తర్వాత ఫెనెత్ర్ దార్పెత్ కనుమ (2,665 మీ.) వైపు మాత్రం పరుగు కోసం వెళ్లకండి. ఆ పైభాగమంతా బండరాళ్ల గుట్ట, నడక కంటే వేగం రాదు. బోవీన్ పచ్చిక బయలు మీదుగా వెళ్లండి.

స్విట్జర్లాండ్‌లో పసుపు పలకల మీద కి.మీ. ఉండవు, నడక సమయం ఉంటుంది. తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తులు కొండదారికి, తెలుపు-నీలం-తెలుపు గుర్తులు పర్వతారోహణ దారికి. నీలం కనబడితే వెనక్కి తిరగండి. అక్కడ యూరోలు తీసుకునేచోట కూడా చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు. యూరప్ యూనియన్ సిమ్ ఉన్నా ఆ దేశంలో డేటాకు వేరే ఛార్జీ పడొచ్చు, మ్యాపులు ముందే దించుకోండి.

బస విషయానికొస్తే, షామొనీ ఊరి మధ్యలో గదులు ఖరీదు, కానీ దుకాణాలూ కేబుల్ కార్లూ దగ్గర. పరుగు కోసమే వచ్చినవాళ్లకు అర్జాంటియేర్ మేలు: లె తూర్, కోల్ దె మోంతె, ఫ్లెజేర్ అన్నీ చేతికి అందే దూరం, ఊరు కూడా ప్రశాంతం. లె హూష్ చవక, కాకపోతే పై దారులకు రోజూ ప్రయాణం తప్పదు. బసవాళ్లు టూరిస్ట్ పన్ను తీసుకున్నాక ఇచ్చే అతిథి కార్డు తప్పకుండా అడిగి తీసుకోండి. దాంతో లోయ బస్సులు, సెర్వోజ్ నుంచి వలోర్సీన్ దాకా రైలు ఉచితం. ఒకచోట దిగి మరోచోట తేలే రూట్లన్నీ ఈ కార్డుతో సులువవుతాయి.

రెఫ్యూజ్‌ల తీరు వేరు. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి మనిషికి 60 యూరోల పైమాటే. గుమ్మంలోనే షూ విప్పి అరలో పెట్టి, అక్కడున్న చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లాలి. దుప్పటి ఇస్తారు కానీ లోపలి సంచి, అంటే లైనర్, మీదే. భోజనం ఏడింటికి, అందరికీ ఒకేసారి. ఆలస్యమైతే ముందే ఫోన్ చేయండి. రాకుండా, చెప్పకుండా ఉంటే వెతుకులాట మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వేసవికి పడకలు శీతాకాలంలోనే నిండిపోతాయి. సామాను మోసిపెట్టే సేవలు ఉన్నాయి, అయితే బండి వెళ్లే దారి ఉన్న బసలకే. బొనాత్తి, క్రువా దు బోనొమ్ లాంటిచోట్లకు వీపు మీద మోయాల్సిందే.

కేబుల్ కార్ ఆఖరి ట్రిప్ సమయం ప్రతిరోజూ పొద్దున్నే పలక మీద చూసి రాసుకోండి. ప్లాన్ ద లెగ్వీలో అది తప్పితే ఊళ్లోకి దాదాపు 1,280 మీటర్లు కాలినడకన దిగాలి, హెడ్‌ల్యాంప్ లేకపోతే మరీ ఇబ్బంది. కూర్‌మాయోర్ నుంచి మాంట్ బ్లాంక్ సొరంగం మీదుగా తిరిగొచ్చే బస్సు ముందే బుక్ చేయాలి. 2024, 2025 సంవత్సరాల్లో సెప్టెంబరు మొదటి నుంచి డిసెంబరు మధ్య దాకా మరమ్మతుల కోసం ఆ సొరంగం మూసేశారు. శరదృతువులో వెళ్లేవాళ్లు టికెట్లు కొనకముందే తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

ఊళ్లో అన్నిటికంటే విలువైన సేవ ఉచితమే: చర్చి దగ్గరున్న లా షామొనియార్ద్ కార్యాలయం. ఏ కనుమ మీద మంచుంది, ఏ వంతెన పోయింది అన్నది అక్కడ చెబుతారు, వాతావరణ బులెటిన్ కూడా ఉంటుంది. పచ్చిక బయళ్లలో పెద్ద తెల్ల కాపలా కుక్కలు ఎదురైతే పరుగు ఆపి నడవండి, పోల్స్ ఊపొద్దు, మందను దూరంగా చుట్టి వెళ్లండి. ప్రమాదం జరిగితే మూడు దేశాల్లోనూ 112. ఫ్రాన్స్ వైపు కొండల్లో రక్షణకు సాధారణంగా డబ్బు తీసుకోరు, స్విట్జర్లాండ్‌లో మాత్రం హెలికాప్టర్ బిల్లు మీ పేరునే వస్తుంది. కొండ ప్రమాదాలూ హెలికాప్టర్ ఖర్చూ కలిసిన బీమా కాగితం ఫోన్‌లోనూ, తడవని కవర్‌లో సంచిలోనూ పెట్టుకోండి.