అమెరికా యూనివర్సిటీ కన్చెర్టో పోటీ: కడప కీబోర్డు వాద్యగాడి రివ్యూ

రేటింగు ముందే చెప్తా: అయిదుకు మూడున్నర. పిల్లలకు మంచి పోటీ, చూసేవాళ్ళకు ఫర్వాలేదు. నడిపే తీరులో మాత్రం ఒక లోపం ఉంది. కడప చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తూ వెంట్రుకలు నెరిసినోణ్ణి కాబట్టి ఆ లోపం నా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనపడింది.

మా తమ్ముడి కూతురు పుట్టింది ఇక్కడే, పెరిగింది అమెరికాలో. చదివేది కంప్యూటర్లు, ప్రాణం వయొలిన్. వాళ్ళ యూనివర్సిటీలో ఏటా కన్చెర్టో పోటీ పెడతారు. ముందు ఒక వాద్యం, వెనక నిండు ఆర్కెస్ట్రా, మామూలుగా మూడు భాగాలు, అదీ కన్చెర్టో. గెలిచిన విద్యార్థికి ఆ యూనివర్సిటీ సింఫనీ ఆర్కెస్ట్రాతో కచేరీలో సోలో వాయించే అవకాశం ఇస్తారు. యూనివర్సిటీ పేరు రాయను, పాప ఇంకా అక్కడ చదవాలి.

నిబంధనలు గట్టివే. ఫీజు కట్టి, గురువు చేత సంతకం పెట్టించి, మొదటి రౌండుకు వీడియో పంపాలి. వీడియోలో ఎక్కడా కత్తిరింపులు ఉండకూడదు. ఫైనల్లో నోట్స్ ఎదురుగా పెట్టుకోకూడదు, అంతా నోటికి రావాలి. సంగీతం కోర్సువాళ్ళే రావాలన్న షరతు లేదు, ఇంజనీరింగు పిల్లలూ రావచ్చు. ఇది నాకు బాగా నచ్చింది. మన యూనివర్సిటీల యువజనోత్సవాల్లో కూడా వాద్య సోలోలు ఉంటాయి, ఎవరైనా వాయించొచ్చు, కప్పులూ సర్టిఫికెట్లూ ఇస్తారు. ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టడమే బహుమతిగా ఇచ్చే పోటీ మాత్రం మా సీమ వైపు నేను చూడలేదు.

నచ్చనిది ఖర్చు. పోటీలో ఆర్కెస్ట్రా ఉండదు, దాని బదులు పియానో. ఆ పియానో వాయించే మనిషిని విద్యార్థే వెతుక్కోవాలి, గంటల లెక్కన డబ్బులూ తనే ఇచ్చుకోవాలి. రిహార్సల్‌కు ఒక రేటు, ఫైనల్‌కు ఇంకో రేటు. చదువు కోసం అప్పు చేసిన పిల్లలుంటారు కదా అక్కడ కూడా.

పాప ఎంచుకున్నది మెండెల్సన్ అనే జర్మన్ స్వరకర్త 'ఇ మైనర్' శ్రుతిలో రాసిన వయొలిన్ కన్చెర్టో, మొదటి భాగం. 1844లో రాసి ముగించాడాయన. మరుసటి ఏడు లైప్‌జిగ్‌లో ఫెర్డినాండ్ డేవిడ్ అనే వయొలిన్ విద్వాంసుడు తొలిసారి వాయించాడు. అప్పటిదాకా చాలా కన్చెర్టోల్లో ఆర్కెస్ట్రా చాలాసేపు వాయించినాక గాని సోలో వాద్యం నోరు విప్పేది కాదు. ఇందులో ఆర్కెస్ట్రా అట్ల మొదలుపెడుతుందో లేదో, వయొలిన్ ఎత్తుకోవాల్సిందే. చేతులు కుదుటపడే వ్యవధి ఉండదు.

ఎండాకాలం సెలవులకు కడపొచ్చినప్పుడు మా మిద్దె మీద గదిలో సాధన చేసింది. మే నెల మధ్యాహ్నం ఆ గది ఎట్లుంటుందో కడపోళ్ళకు చెప్పక్కర్లేదు. కమానుకు రాసే రోజన్ మెత్తబడి వేళ్ళకు అంటుకునేది. ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే చెమట గడ్డం కింద వయొలిన్ మీదికి కారేది. పియానో భాగం నేను కీబోర్డు మీద పట్టుకున్నా. గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ నాకు అంతంత మాత్రమే, పాట విని దానికి కలిసే స్వరాల గుత్తులు (కార్డ్స్) పట్టడం మా బతుకు. అట్లనే లాక్కొచ్చినా.

"పెద్నాయనా, నేను కొంచెం ఆలస్యమైనా నువ్వు ఆగుతాండావు. బాగుంది నీతో వాయిస్తే" అనింది ఒకరోజు.

"బాగుండదమ్మా, అదే చెడ్డ అలవాటు. నేనొక్కణ్ణి కాబట్టి ఆగినా. రేపు యాభై మంది కూర్చుంటే ఎవరు ఆగుతారు?"

నేను చెప్పే లోపం ఇదే. పియానో వాయించే మంచి మనిషి విద్యార్థి వెనకాలే నడుస్తాడు. రెండు అక్షరాలు ముందుకెళ్ళినా సర్దుతాడు, ఒక బార్, అంటే మన ఆవర్తం లాంటిది, మింగినా అతుకుతాడు. ఆర్కెస్ట్రా అట్లా కాదు. వెనక వరసలో హార్న్ అనే బాకా వాయించేవాళ్ళకు వయొలిన్ సరిగ్గా వినపడను కూడా వినపడదు, వాళ్ళు ముందు నిలబడి అందరినీ నడిపించే కండక్టర్ చేతిని చూసి వాయిస్తారు. ఆ చేతితో సోలో మనిషి పొత్తు కుదరాలి. మాకు తెలిసిన రోగమే ఇది. కరోకే ట్రాకుతో పాడి కప్పులు గెలిచిన పిల్లలు మా పార్టీతో స్టేజీ ఎక్కితే, నడుమ మేం వాయించే బిట్ అయిపోకముందే చరణం ఎత్తుకుంటారు. తబలా ఆయన తల తిప్పి నా వైపు చూస్తాడు, నేను రిథమ్ ప్యాడ్ కుర్రోడి వైపు చూస్తా, అందరం కలిసి ఒక మాత్ర మింగుతాం. జనానికి తెలీదు గానీ మాకు తెలుసు.

ఫైనల్ అక్కడ సాయంత్రం 7 గంటలకు, చలికాలం కాబట్టి మనకు తెల్లారి 5.30. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరినాం. లైవ్ సమయానికే మొదలుపెట్టారు, బొమ్మ కూడా స్పష్టంగానే ఉంది. శబ్దమే దరిద్రం. ఆటోమేటిక్‌గా సౌండు సర్దే సెట్టింగు ఏదో వదిలేసినట్టున్నారు. మెల్లగా వాయించింది పైకి లేస్తుంది, గట్టిగా వాయించింది అణిగిపోతుంది, అంతా ఒకటే ఎత్తు. ఈ సంగీతానికి ఆ ఎత్తుపల్లాలే కదా ప్రాణం. మా ఊళ్ళో పెళ్ళి లైవ్ ఇచ్చే కుర్రోళ్ళు మిక్సర్ నుంచి లైన్ తీసుకొని ఇంతకన్నా శుభ్రంగా ఇస్తారు.

అయినా క్యాడెంజా దగ్గర అందరం నోరు మూసుకున్నాం. మన కచేరీలో తని ఆవర్తనానికి మిగతావాళ్ళు ఆగి మృదంగానికి చోటిచ్చినట్టు, అక్కడ ఆర్కెస్ట్రా అంతా ఆగుతుంది, సోలో మనిషి ఒక్కడే వాయిస్తాడు. సాధారణంగా అది భాగం చివర్లో వస్తుంది. మెండెల్సన్ దాన్ని నడిమికి తెచ్చి, చివర ఒక చిత్రం చేశాడు. వయొలిన్ కమాను తీగల మీద ఎగిరెగిరి పడుతూ నాలుగు తీగలమీదా సర్రుసర్రున స్వరాలు చల్లుతుంటే, ఆ చల్లుడు ఆగకముందే ఆర్కెస్ట్రా మొదటి పాట ఎత్తుకుని లోపలికొస్తుంది. అంతవరకూ రాజులా వాయించిన వయొలిన్ ఆ క్షణం నుంచి పక్కవాద్యం. తన మోత తగ్గించుకొని వాళ్ళ పాటకు దారివ్వాలి. పాప ఆ చల్లుడు బ్రహ్మాండంగా వాయించింది, దారి మాత్రం ఇవ్వలేదు. పియానోతో ఇవ్వాల్సిన అవసరం పడలేదు మరి.

ఇక్కడ పోటీకి ఒక మార్కు ఎక్కువెయ్యాలి. బయటి నుంచి పిలిపించిన ముగ్గురు జడ్జిలు ఒక్కో విద్యార్థికీ చేత్తో రాసిన కాగితం ఇస్తారు. "క్యాడెంజా తర్వాత ఆర్కెస్ట్రాను వినండి" అని రాసిందట ఒకావిడ. వినడానికి అక్కడ ఆర్కెస్ట్రా ఏదమ్మా అని అడగాలనిపించింది గానీ, ఆమె చెవి మాత్రం చెవే. మన పోటీల్లో మొదటి బహుమతి ఎవరికో చెప్పి మైకు కట్టేస్తారు, ఎందుకు ఓడామో ఎవరూ చెప్పరు.

పాపకు రెండో స్థానం. గెలిచింది ఒక సాక్సోఫోన్ కుర్రోడు, గ్లజునోవ్ 1934లో రాసిన కన్చెర్టోతో. మా ఇంటామెకు ఫలితం మీద పేచీ లేదు. మన పెళ్ళిళ్ళలో సాక్సోఫోన్ విని విని, పైగా కద్రి గోపాల్‌నాథ్ గారి క్యాసెట్లు అరగదీసిన మనిషి, "ఆ పిల్లోడి ఊపిరి చూడండి" అని మొదటినుంచీ అంటూనే ఉంది.

తర్వాత వసంతంలో ఆ కుర్రోడి కచేరీ కూడా లైవ్‌లో చూశా. ఆ రచనకు వెనక తీగ వాద్యాలు మాత్రమే, డప్పులూ బాకాలూ ఉండవు. ఆ తేలికలో కూడా, వేగం పెరిగిన చోట కుర్రోడు ముందుకు ఉరికాడు. కండక్టర్ ఎడమ చెయ్యి ఒక్కసారి కిందికి నొక్కి, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యాల వైపు తిరిగి రెండు బార్లలో అందరినీ కలిపాడు. చూసేవాళ్ళలో ఎంతమంది గమనించారో! తప్పు కుర్రోడిది అనను. ఆర్కెస్ట్రా ముందు ఎట్లా వాయిస్తాడో చూడకుండానే ఎంపిక చేశారు.

నిర్వాహకులకు ఒక సలహా. ఫైనల్‌కు మిగిలేది నలుగురో అయిదుగురో. వాళ్ళను అదే ఆర్కెస్ట్రాలోంచి కొన్ని తీగ వాద్యాలు, ఒక హార్న్, కండక్టర్‌తో పది నిమిషాలు వాయించనివ్వండి, మార్కులు అప్పుడు వెయ్యండి. పియానో ఖర్చు కూడా పిల్లల నెత్తిన పడదు.

పాప వచ్చే ఏడు సిబెలియస్ అనే స్వరకర్త రాసిన వయొలిన్ కన్చెర్టోతో మళ్ళీ పోటీకి దిగుతానంటోంది. అది ఇంకా చిక్కు. పియానో మనిషికి అడ్వాన్సు ఇచ్చేముందు, వాళ్ళ ఆర్కెస్ట్రాలో చేరిన స్నేహితులను ఓ అయిదారుగురిని శనివారం రూముకు పిలిచి, పిజ్జా తినిపించి, వాళ్ళతో కలిసి వాయించమని చెప్పినా. ఆ పిజ్జా డబ్బులు నేను పంపిస్తానన్నా. "ఎంతమందిని పిలవమంటావు పెద్నాయనా?" అని అప్పుడే బేరం మొదలుపెట్టింది.